కెనడాకు వచ్చాక మళ్లీ కాలేజీలో చేరితే మంచి ఉద్యోగం వస్తుందా?

కాశీనగరం_ఇంజనీరు
మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం. సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి ఆరేళ్లపాటు రోడ్లు, కల్వర్టుల పనుల్లో సైట్ ఇంజనీరుగా ఉన్నాను. 2024 చివర పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చింది. నేను, నా భార్య, నాలుగేళ్ల పాప టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో దిగాము. ఇంతవరకు నూట నలభై దరఖాస్తులు పంపాను. మూడు చోట్ల నుంచి ఫోను వచ్చింది. వాటిలో రెండు, "ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా?" అన్న ప్రశ్నతోనే ముగిశాయి.

ప్రస్తుతం ఒక గోదాములో రాత్రి పది నుంచి ఉదయం ఆరున్నర వరకు పెట్టెలు స్కాన్ చేసే పనిలో ఉన్నాను. గంటకు ఎన్ని పెట్టెలు దాటించానో మణికట్టుకు కట్టిన యంత్రమే లెక్క చెబుతుంది. మొన్న బెల్టు మీద వచ్చిన ఒక పెట్టె పైన టోటల్ స్టేషన్ బొమ్మ ఉంది. ఆరేళ్లు ఎండలో నిలబడి కన్ను ఆనించి చూసిన సర్వే పరికరం అది. దాని లేబుల్ స్కాన్ చేసి ముందుకు తోసేశాను. మణికట్టు మీద అంకె ఒకటి పెరిగింది.

ఇక్కడి ఒక కాలేజీలో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంటుకు సంబంధించిన రెండేళ్ల కోర్సు ఉంది. అందులో చేరమని నా భార్య అంటోంది. మా నాన్నగారు మాత్రం ఫోనులో, "నీ కూతురు బడికి వెళ్లే వయసులో నువ్వు బడికి వెళ్తావట్రా?" అన్నారు. పరాయి దేశంలో మళ్లీ చదివినవారికి ఆ చదువు నిజంగా అక్కరకు వచ్చిందా, లేక గోడకు మరో సర్టిఫికెట్ మాత్రమే మిగిలిందా? అనుభవం ఉన్నవారు దాచకుండా రాయవలసిందిగా కోరుతున్నాను.

రుషికుల్య_గట్టు
పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నవారు స్థానికుల ఫీజే కట్టాలి. విదేశీ విద్యార్థులు కట్టేదానితో పోలిస్తే అది చాలా తక్కువ. ఇక ఆలోచన దేనికి? చేరిపొండి.

నర్సు_పిన్ని
రుషికుల్య గట్టు గారు ఫీజు లెక్క చెప్పారు కానీ, రెండేళ్లపాటు రాకుండా పోయే జీతం లెక్క చెప్పలేదు. చిన్న పాప ఉన్న ఇంట్లో అసలు ఖర్చు అదే.

నా సంగతి చెబుతాను. బరంపురంలో జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివి, సౌదీలో ఐదేళ్లు చేసి, 2022లో ఇంగ్లండు వచ్చాను. ఇక్కడికి వచ్చాక ఒక్క డిగ్రీ కూడా అదనంగా చదవలేదు. నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడటం మూడింటిలోనూ 7, రాయడంలో 6.5 తెచ్చుకోవాలి; కంప్యూటరు మీద ఒక పరీక్ష రాయాలి; ఆ తరువాత ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష నెగ్గాలి. అందులో పది స్టేషన్లు, అంటే పది విడివిడి పరీక్షలు, ఉంటాయి. రోగిగా నటించే మనిషి మంచం మీద పడుకొని ఉంటాడు, పక్కన పరీక్షకురాలు పలక పట్టుకొని నిలబడుతుంది. చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ చేయాలి. మొదటిసారి నేను చేతి పట్టీ మీద పేరు, పుట్టినతేదీ సరిచూశాను కానీ, అలర్జీలు ఉన్నాయా అని అడగకుండానే మాత్రల గిన్నె అందించాను. ఆ స్టేషను అక్కడితో పోయింది. ఏళ్లతరబడి అనుభవం ఉన్న చేతులు ఆ నిమిషంలో వణికాయి. రెండోసారి నెగ్గాను. మరుసటి నెల నుంచి జీతం రిజిస్టర్డ్ నర్సు స్థాయికి మారింది.

మా వార్డులో నాతోపాటు పనిచేసే అమ్మాయి చెల్లెలు, ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చదివినదే, ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో ఎంఎస్సీ చేసింది. చదువు తరువాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ల వీసా మొత్తం వృద్ధుల సంరక్షణ గృహంలో గడిచిపోయింది. రిజిస్ట్రేషన్ పరీక్షలు ముందే రాసి ఉంటే ఆ అమ్మాయి నాకంటే పైమెట్టున ఉండేది. డిగ్రీ ఎక్కువ, జీతం తక్కువ!

ధర్మాబాద్_మిర్చి
పిన్నిగారూ, మీరు రాసింది చదువుతుంటే నాకే చెమట పట్టింది. ఇకమీదట మా ఆవిడకు మాత్ర ఇచ్చే ముందు కూడా పేరు, పుట్టినతేదీ, అలర్జీలు అడిగి ఇస్తాను.

నర్సు_పిన్ని
పుట్టినతేదీ అడగవద్దు బాబూ, మాత్ర మీకే అవసరం పడుతుంది.

గునుపురం_టు_మ్యూనిక్
నర్సింగ్‌ను చూసి అన్ని వృత్తులకూ అదే కొలత అనడం సరికాదని నా అభిప్రాయం. నర్సుకు రిజిస్ట్రేషన్ అనే ఒకే తలుపు ఉంది. దానికి తాళంచెవి ఏదో అందరికీ తెలుసు. మెకానికల్, కంప్యూటర్ వంటి రంగాల్లో అటువంటి ఒకే తలుపు లేదు.

నేను గునుపురంలో బీటెక్ చదివి 2018లో జర్మనీలో ఎంఎస్సీలో చేరాను. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకు కొద్దిపాటి చందా మాత్రమే కట్టాలి. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం మన వంటి విదేశీయుల నుంచి సెమిస్టరుకు 1500 యూరోలు తీసుకుంటారు. చదువుకుంటూనే వారానికి 20 గంటలు ఒక కంపెనీలో పనిచేశాను. దానిని ఇక్కడ వెర్క్‌స్టూడెంట్ అంటారు. థీసిస్ కూడా ఆ కంపెనీలోనే రాశాను, ఉద్యోగం కూడా అక్కడే వచ్చింది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతకడానికి 18 నెలల గడువు ఇస్తారు. నాకు ఆ గడువులో ఒక్క నెల కూడా అవసరం పడలేదు. కనుక చదువు పనికిరాదని నేను ఒప్పుకోను.

వంశధార_అవతల
గునుపురం తమ్ముడూ, నీ వాదనలో నీకు ఉద్యోగం ఇప్పించింది డిగ్రీయా, ఆ వారానికి 20 గంటల పనా?

గునుపురం_టు_మ్యూనిక్
నిజం చెప్పాలంటే ఆ 20 గంటలే. కానీ డిగ్రీలో చేరకపోతే ఆ 20 గంటలు నాకు ఎవరిస్తారు అన్నయ్యా?

వంశధార_అవతల
ఆ మాట ఒప్పుకుంటున్నాను. అయితే నువ్వు వెళ్లినప్పుడు నీకు ఇరవై మూడు, పెళ్లి లేదు, గదికి అద్దె నలుగురు పంచుకున్నారు. అడిగినాయనకు భార్యాబిడ్డలు ఉన్నారు. ఒకే మందు ఇద్దరికీ రాయవద్దు.

జయపురం_మాస్టారు
ఈ చర్చ మనకు కొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1కి ముందు మా జయపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మా తాతగారు విజయనగరంలో మెట్రిక్యులేషన్ చదివి కచేరీలో గుమాస్తాగా కుదురుకున్నారు. ఒడిశా ఏర్పడిన తరువాత, ఇల్లు కదలకుండానే, ఊరు మారకుండానే ఆయన కొత్త రాష్ట్రపు మనిషి అయ్యారు. పై ఉద్యోగానికి ఆయన కోరుకున్నది ఇంటర్మీడియట్ చదవాలని. పై అధికారి అడిగింది మాత్రం ఒడియాలో దస్త్రం రాయగలవా అని. తాతగారు దీపం ముందు కూర్చుని తన రెండో కొడుకు పలక మీద ఒడియా అక్షరాలు దిద్దుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. గుండ్రటి అక్షరాలకు అలవాటుపడిన చెయ్యి కనుక త్వరగానే పట్టుబడ్డాయట.

ఈనాటికీ మన పిల్లలు తెలుగులో ఎం.ఏ. చేసి వచ్చినా, ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. నా శిష్యుడు ఒకడు రెండు ఎం.ఏ.లు చేసి, ఆ ఒక్క కాగితం లేక రెండేళ్లు ఆగిపోయాడు. ఎంత చదివామన్నది ఒక లెక్క, అక్కడివాడు ఏ కాగితం అడుగుతున్నాడన్నది వేరే లెక్క. ఇంజనీరు బాబు ముందుగా తెలుసుకోవలసింది రెండోది.

రాయగడ_వెల్డరు
మాస్టారి మాటకు నాది కూడా ఒక ఉదాహరణ. నేను ఐటీఐ వెల్డరును, ఖతార్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను. ఇక్కడ సర్టిఫికెట్ చూసి ఎవరూ పనిలో పెట్టుకోరు. నలభై ఐదు డిగ్రీల వాలుగా బిగించిన పైపును ముందు పెడతారు, దానినే 6జీ అంటారు. పైపు కదలదు, దాని చుట్టూ మనమే తిరిగి అతకాలి. తరువాత ఎక్స్‌రే తీసి లోపల బుడగ ఉందా, గీత ఉందా అని చూస్తారు. ఎక్స్‌రేకు మన ఊరూ తెలియదు, మన పేరూ తెలియదు.

అయినా చదువు అక్కర్లేదని నేను అనను. మా ఊరి కుర్రాళ్లకు చెప్పే మొదటి మాట, పదో తరగతి పాసవమని. పది పాసైన వాడి పాస్‌పోర్టుకు ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. పాసవని వాడు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఆ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంట్ల చేతుల్లో ఎక్కువగా చిక్కుకునేది ఆ రెండో రకం వాళ్లే.

రుషికుల్య_గట్టు
వెల్డరు గారూ, ఇంతకీ మా ఇంజనీరు గారిని పైపు చుట్టూ తిరగమంటారా?

రాయగడ_వెల్డరు
తిరిగితే తప్పేమీ లేదు. కెనడాలో వెల్డరుకు రెడ్ సీల్ అనే గుర్తింపు ఉంటే ఏ ప్రావిన్సులోనైనా చెల్లుతుంది. నా స్నేహితుడు ఆల్బర్టాలో ఉన్నాడు. అతని జీతం విన్నాక మా బావమరిది ఎంబీఏ ఆలోచన మానుకున్నాడు.

టొరంటో_లెక్కలు
నేను ఇదే నగరంలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను కనుక కాస్త వివరంగా రాస్తాను. 2021 కెనడా జనగణనలో, విదేశాల్లో డిగ్రీ చదివి వచ్చి ఇక్కడ పనిచేస్తున్నవారిలో నాలుగో వంతుకు పైగా, హైస్కూలు చదువు సరిపోయే ఉద్యోగాల్లో ఉన్నారని తేలింది. కెనడాలోనే డిగ్రీ చదివినవారిలో ఆ వాటా రమారమి సగమే. ఈ ఒక్క అంకె చూపించి కాలేజీల వారు, ఏజెంట్లు "చూశారా, ఇక్కడ చదివితే సరి" అంటారు.

కానీ 2011లో టొరంటో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఫిలిప్ ఓరియోపౌలోస్ ప్రచురించిన పరిశోధన కూడా చూడాలి. ఆయన బృందం పేర్లు, చదువు, అనుభవం మార్చి మార్చి సుమారు 13 వేల కల్పిత దరఖాస్తులను ఈ నగరంలోని ఉద్యోగ ప్రకటనలకు పంపింది. భారతీయ, పాకిస్తానీ, చైనా పేర్లున్న దరఖాస్తులకు ఇంగ్లీషు పేర్లున్న వాటికంటే పిలుపులు బాగా తగ్గాయి. అనుభవం విదేశాలదైతే ఇంకా తగ్గాయి. గొప్ప పేరున్న సంస్థలో చదివినట్టు రాసినా ఆ లోటు పూడలేదు. అంటే ఇక్కడి యజమాని తూకంలో చదువుకంటే ఇక్కడ పనిచేసిన అనుభవమే ఎక్కువ బరువు తూగుతోంది. కాబట్టి కాశీనగరం తమ్ముడు చేరబోయే కోర్సులో పేరు చూడవద్దు. కో-ఆప్ ఉందా, లేదా అన్నది చూడమని నా సలహా. కో-ఆప్ అంటే చదువు మధ్యలో కొన్ని నెలలు జీతంతో కంపెనీలో పని. అది లేని రెండేళ్ల కోర్సు రెండేళ్ల వాయిదా మాత్రమే.

ఇంకొక సంగతి. టొరంటో ఉన్న ఒంటారియో ప్రావిన్సులో ఇంజనీర్ల లైసెన్సు ఇచ్చే సంస్థ, కనీసం ఒక సంవత్సరం అనుభవం కెనడాలోనే సంపాదించి ఉండాలన్న నిబంధనను 2023 మేలో తీసేసింది. మొత్తం 48 నెలల అనుభవం చూపాలి, వృత్తి నియమాల మీద పరీక్ష రాయాలి. కానీ ఆ 48 నెలలు వంశధార ఒడ్డున చేసినవైనా సరిగ్గా నిరూపించగలిగితే చెల్లుతాయి. తమ్ముడు ఆ దరఖాస్తు పెట్టాడా? అతని టపాలో ఆ ప్రస్తావనే లేదు.

కాశీనగరం_ఇంజనీరు
లెక్కల అన్నయ్యా, పెట్టలేదు. కెనడా అనుభవం లేనిదే ఆ దరఖాస్తు ముట్టరని గోదాములో నాతో పనిచేసే ఒక పంజాబీ ఇంజనీరు చెప్పాడు. ఆయన 2016లో వచ్చాడు. అప్పటి మాట పట్టుకుని నేను ఇన్నాళ్లు కూర్చున్నాను.

టొరంటో_లెక్కలు
ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు అదే. పాత కాపు చెప్పిన పాత నిబంధనే కొత్తగా వచ్చినవారికి శాసనం అవుతుంది. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ఉద్యోగ ప్రకటనల్లో "కెనడా అనుభవం ఉండాలి" అని రాయడానికి కూడా వీలు లేదు. రాయకూడదని మాత్రమే చట్టం. మనసులో అనుకోకూడదని ఏ చట్టమూ చేయలేదనుకోండి.

తప్తపాణి
పెద్దలంతా ఇంజనీర్ల గురించే మాట్లాడుతున్నారు. భర్త వెనుక వచ్చిన ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను రాస్తున్నాను.

బరంపురంలో ఎం.కామ్. చేశాను. పెళ్లయ్యాక ఇద్దరు పిల్లలు, ఏడేళ్లు ఇంట్లోనే ఉన్నాను. టొరంటో పక్కనున్న మిసిసాగా వచ్చాక దుకాణంలో బట్టలు మడతపెట్టే పనికి దరఖాస్తు పెడితే, ఏడేళ్లు ఏం చేశావని అడిగారు. పేరోల్, అంటే ఉద్యోగుల జీతాల లెక్కల మీద ఏడాది కోర్సులో చేరాను. నిజానికి ఆ కోర్సులో నేర్పిన లెక్కల్లో సగం నాకు ముందే వచ్చు. మరి నాకు ఏం దక్కింది? ఉదయం ఏడున్నరకు బస్సు ఎక్కి ఒక చోటికి చేరవలసిన క్రమం దక్కింది. ఫోను ఎత్తి అపరిచితులతో ఇంగ్లీషులో మాట్లాడే ధైర్యం వచ్చింది. ఏడేళ్ల ఖాళీ కింద కొత్త తేదీతో ఒక వరుస రాయగలిగాను. చివర్లో నాలుగు నెలల ప్లేస్‌మెంట్ ఇచ్చిన కార్యాలయంలోనే ఇప్పుడు మూడు వందల మంది జీతాల లెక్క నా చేతి మీదుగా వెళుతోంది.

నర్సు పిన్ని గారితో నాకు భేదాభిప్రాయం ఉంది. చేతిలో వృత్తి ఉన్నవారికి పరీక్ష చాలు. చెయ్యి జారిన వృత్తిని మళ్లీ పట్టుకోవలసిన వారికి తరగతి గది కావాలి.

నర్సు_పిన్ని
తప్తపాణీ, నువ్వు చెప్పింది కాదనను. నేను ఎప్పుడూ పని మానలేదు కాబట్టి ఆ వైపు నుంచి చూడలేకపోయాను.

సిరొంచా_ప్రాణహిత
అమెరికా సంగతి కూడా చెప్పుకోవాలి. అక్కడ చదువే ప్రవేశ రుసుము. మాస్టర్స్ అయ్యాక ఏడాది పని అనుమతి, సైన్సు, టెక్నాలజీ కోర్సులైతే మరో 24 నెలలు. ఆ తరువాత హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా కోసం చీటీ వేసుకోవాలి. ఏటా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు. ఆ 20 వేల కోటా కోసమే మా సిరొంచా వాడు ఒకడు ముప్పై ఎనిమిదో ఏట రెండో మాస్టర్స్ చేశాడు. నేర్చుకోవడానికి అతనికి అక్కడ మిగిలిందేమీ లేదు, అతను కొన్నది మరో చీటీ. ఇది చదువు అనిపించుకుంటుందా?

నాది మాత్రం పేరు బాధ. మహారాష్ట్ర బోర్డు మార్కుల జాబితాలో ముందు ఇంటిపేరు, తరువాత నా పేరు, చివర మా నాన్న పేరు ఉంటాయి. నా డిగ్రీని మదింపు చేసిన విదేశీ సంస్థ చివరి ముక్కను నా ఇంటిపేరుగా తీసుకుంది. ఆ విధంగా నా ఇంజనీరింగ్ డిగ్రీ మా నాన్నగారి పేరిట నమోదైంది. ఆయన ఆరో తరగతితో ఆపేసిన రైతు. వార్త విని చాలా సంతోషించారు.

ధర్మాబాద్_మిర్చి
మా నాన్నకు కూడా ఒక డిగ్రీ ఇప్పించండి, మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల మధ్య కూర్చుని ఎప్పుడూ అదే అంటారు.

వంశధార_అవతల
ఒడిశాలో మాకు ఇంకో రకం తంటా. 2011 నవంబరుకు ముందు వచ్చిన సర్టిఫికెట్లలో రాష్ట్రం పేరు ఒరిస్సా, తరువాతి వాటిలో ఒడిశా. దానికి తోడు మన తెలుగు పేర్లను ఒడియా గుమాస్తా తన చెవికి వినపడినట్లు రాసేవాడు. మా అన్నయ్య అప్పలస్వామి పదో తరగతిలో అపళ స్వామి, డిగ్రీలో ఆప్పల స్వామీ. ముగ్గురూ ఒకడేనని ప్రమాణం చేయడానికి ఆయనకు ఐదు వారాలు పట్టింది.

పాత్రపురం_తండ్రి
మీ అందరి మాటలూ మూడు రోజులుగా చదువుతున్నాను. నేను విదేశం చూడలేదు. మాది గంజాం జిల్లా పాత్రపురం వైపు. నా కొడుకు ఇంగ్లండులో ఏడాది ఎంఎస్సీకి వెళ్తానంటే నాలుగు ఎకరాల జీడితోట తాకట్టు పెట్టి పంపాను. ఏజెంటు మా అరుగు మీద కూర్చుని, కోర్సు పేరుకన్నా ఎక్కువసార్లు జీతం అంకె చెప్పాడు. ఎవరు ఇస్తారు, ఏ పనికి ఇస్తారు అని నేను అడగలేదు. అడగడం నాకు తెలియదు. అబ్బాయి చదివాడు, మంచి మార్కులే వచ్చాయి. ఆ తరువాత రెండేళ్లు వెతికాడు. వీసాకు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకలేదు. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, బుద్ధిమంతుడు, నెలనెలా బ్యాంకు కడుతున్నాడు. తోట మాత్రం ఇంకా బ్యాంకు కాగితాల్లోనే ఉంది. పూత బాగానే పట్టింది.

చదువు మంచిదే. అయితే పంపేముందు ఏం అడగాలో మావంటి వాళ్లకు ఎవరైనా ముందే చెబితే బాగుంటుందని రాస్తున్నాను.

టొరంటో_లెక్కలు
బాబాయిగారూ, మీ టపా చదివాక నా లెక్కలన్నీ పక్కన పెట్టాను. అడగవలసిన ప్రశ్నలు నిజానికి ఎక్కువ లేవు. ఆ కోర్సు ముగించినవారు గత ఏడాది ఏ ఏ పనుల్లో చేరారో కాలేజీ వారినే రాతపూర్వకంగా అడగాలి. చదువు తరువాత పని అనుమతి వస్తుందా, ఎంతకాలం అని ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూడాలి, ఏజెంటు నోట వినకూడదు. ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. కెనడాలోనే 2024 నవంబరు 1 నుంచి, డిగ్రీ కాని కోర్సుల్లో చాలావాటికి, కోర్సు ప్రభుత్వం గుర్తించిన రంగాల జాబితాలో ఉంటే తప్ప చదువు తరువాతి పని అనుమతి రాదు. మీ అబ్బాయి వాడుకున్న ఇంగ్లండు రెండేళ్ల అనుమతి కూడా, 2027 జనవరి నుంచి దరఖాస్తు పెట్టే మాస్టర్స్ వారికి 18 నెలలే అవుతుంది.

గునుపురం_టు_మ్యూనిక్
దీనికి నాది ఒక చేర్పు. భాష. నేను వెనక్కి తిరిగి చూసుకుంటే, ఎంఎస్సీలో నేర్చుకున్న దానికంటే సాయంత్రం తరగతుల్లో నేర్చుకున్న జర్మనే నాకు ఎక్కువ అన్నం పెట్టింది. మాస్టారి తాతగారి పలక కథ చదివినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. మా బ్యాచ్‌లో నాకంటే తెలివైనవాడు ఒకడు ఇంగ్లీషుతోనే గడిపాడు. అతనికి ఉద్యోగం రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఐటీఐ చదివి వచ్చేవారికి మరీ ముఖ్యం; మన రెండేళ్ల ఐటీఐని ఇక్కడి మూడు, మూడున్నరేళ్ల శిక్షణతో పోల్చి తరచుగా కొంతవరకే గుర్తిస్తారు. మిగిలినది ఇక్కడే పనిచేస్తూ పూర్తిచేయాలి, అది జర్మన్‌లోనే.

జయపురం_మాస్టారు
గునుపురం అబ్బాయి మొదట చదువు పక్షాన వాదించాడు. ఇప్పుడు ఎటున్నాడో అతనికే తెలియాలి.

గునుపురం_టు_మ్యూనిక్
మాస్టారూ, నేను చదువు పక్షమే. ఏ చదువన్నదే మారింది.

రుషికుల్య_గట్టు
అందరికంటే ముందు "చేరిపొండి" అని రాసినవాడిని నేను. ఆ మాట తొందరపాటేనని ఒప్పుకుంటున్నాను. అయితే ఒక సందేహం. లైసెన్సు వచ్చేసరికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు. అంతవరకు ఆ గోదాములోనే ఉండమంటారా? కోర్సులో చేరితే కనీసం పగలు మనుషుల మొహాలు చూస్తాడు కదా.

టొరంటో_లెక్కలు
సరైన ప్రశ్న. లైసెన్సు లేకుండా కూడా, లైసెన్సు ఉన్న ఇంజనీరు పర్యవేక్షణలో పనిచేయవచ్చు. ఎస్టిమేటర్, సైట్ ఇన్‌స్పెక్టర్, క్వాలిటీ కంట్రోల్ టెక్నీషియన్ వంటి పోస్టులకు దరఖాస్తు చేసుకోవాలి. మనవాళ్లు "నేను ఆరేళ్ల ఇంజనీరును, టెక్నీషియన్‌గా చేరడమేమిటి" అనుకుంటారు. అదే మనిషి గోదాములో పెట్టెలు తోయడానికి ఆ సందేహం పడడు! కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ పరీక్ష తీసే పనివాడికైనా సైటు మీద హెల్మెట్ ఉంటుంది, పక్కన ఒక ఇంజనీరు ఉంటాడు, రేపు ఫోను చేస్తే మంచి మాట చెప్పగలిగేవాడు. నేను వచ్చిన ఏడాది మట్టి నమూనాలు డబ్బాల్లో మోసుకుంటూ తిరిగాను. నా మొదటి రెఫరెన్సు ఇచ్చింది ఆ ప్రయోగశాల మేనేజరే.

తప్తపాణి
ఒంటారియో బిల్డింగ్ కోడ్ మీద సాయంత్రం పూట చిన్న కోర్సులు ఉంటాయి. మా వారి స్నేహితుడు అదొక్కటి చేసి దరఖాస్తులో పై వరుసలో పెట్టాడు. ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారట. రెండేళ్లు అక్కర్లేదు, వారానికి రెండు సాయంత్రాలు చాలు.

నర్సు_పిన్ని
రాత్రి డ్యూటీ చేసేవాడికి సాయంత్రం తరగతులంటే నిద్ర ఎప్పుడు తల్లీ? అది కూడా చూడాలి. నేను సౌదీలో రాత్రి డ్యూటీ చేస్తూ ఐఈఎల్‌టీఎస్ రాసి రెండుసార్లు తప్పాను. వినే పరీక్షలో కునుకు పట్టింది.

కాశీనగరం_ఇంజనీరు
ఐదు రోజుల తరువాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. ఆ రెండేళ్ల కోర్సు వారికి ఉత్తరం రాసి, కో-ఆప్ ఉందా, పోయిన ఏడాది విద్యార్థులు ఎక్కడ చేరారు అని అడిగాను. కో-ఆప్ సీట్లు పరిమితమని, మొదటి సెమిస్టరు మార్కుల మీద ఇస్తామని జవాబు వచ్చింది. రెండో ప్రశ్నకు రంగురంగుల కరపత్రం ఒకటి పంపారు, అందులో నవ్వుతున్న ముఖాలు తప్ప సమాచారం లేదు. ప్రస్తుతానికి ఆ కోర్సు పక్కన పెట్టాను.

లైసెన్సు దరఖాస్తు మొదలుపెట్టాను. నా ఆరేళ్ల పనిని ఒక్కొక్క కల్వర్టుగా విడదీసి రాస్తుంటే, మరిచిపోయినవి ఎన్నో గుర్తుకొచ్చాయి. వర్షాకాలంలో వంశధార పొంగి మా సెంట్రింగ్ కొట్టుకుపోయినప్పుడు నేను వేసిన కొత్త లెక్క ఒకటి ఉంది. దాని కాగితం మా ఇంట్లో బియ్యం డబ్బా పైన ఉందని అమ్మ వెతికి ఫోటో పంపింది. మట్టి పరీక్షల ప్రయోగశాలలో టెక్నీషియన్ పనికి దరఖాస్తు పెట్టాను, మంగళవారం రమ్మన్నారు. జీతం గోదాములో వచ్చేదానికంటే గంటకు ఒక డాలరు తక్కువ. నా భార్య వెళ్లమంది. మా నాన్నగారికి చెబితే, "మట్టేనా? మట్టి మనకు కొత్తా?" అన్నారు.

చిక్కు ఒక్కటే మిగిలింది. నేను చదివిన చోటి నుంచి మార్కుల వివరాలు నేరుగా ఇక్కడికి పంపాలి. వాటిలో నా ఇంటిపేరు రెండు ముక్కలుగా ఉంది, పాస్‌పోర్టులో ఒకటే ముక్క. అప్పలస్వామి అన్నయ్యగారికి ఆ ప్రమాణపత్రం ఎక్కడ చేయించారు?

వంశధార_అవతల
పర్లాకిమిడి కోర్టు బయట, చెట్టు కింద కూర్చునే నోటరీ దగ్గర చేయించాము. స్టాంపు కాగితం మీద పాస్‌పోర్టులోని అక్షరాలు ఉన్నవి ఉన్నట్లే రాయించాలి. ఆయన కలానికి తెలుగు పేర్లంటే ఇంకా కోపమే. సోమవారం నేను ఎలాగూ అటు వెళ్తున్నాను. మీ నాన్నగారిని పది గంటలకు అక్కడికి రమ్మనండి, పదో తరగతి సర్టిఫికెట్ అసలుది తేవాలి, నకలు ఒప్పుకోరు.